రంగు పోయినంతనే నీరు శుద్ధమగునా?

నీటియందలి కల్మషములలో కంటికి కనబడునవి కొన్ని, కనబడనివి కొన్ని. కనబడు దానిని చూచి మనుష్యుడు వెనుదీయును. కనబడని దానిని త్రాగి ఊరకుండును. తోళ్ల కార్ఖానాలనుండి వెలువడు రంగునీటిని బాగుచేయుటకు మన దేశమున జరుగుచున్న ప్రయత్నములను కొంతకాలముగా గమనించుచున్న మాకు, ఈ మానవ స్వభావమే ఆ ప్రయత్నములకు అడ్డు తగులుచున్నదని తోచుచున్నది. నీటిలోని రంగును తీసివేయుట ఒక పని. నీటిని శుద్ధి చేయుట మరియొక పని. మొదటిది జరిగినంతమాత్రమున రెండవదియు జరిగినదని తలంచుట తగదు. ఈ సంగతిని మన పత్రిక చదువరులగు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మా తోడి ఉపాధ్యాయులకును మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది మనకేల యని కొందరడుగవచ్చును. మన బాలబాలికలు బడికి తొడిగికొని వచ్చు నల్లని బూట్లును, నడుమునకు బిగించుకొను బెల్టులును, పెద్దల చేతులలోని తోలు సంచులును, కొన్ని గృహములలోని తోలు అట్ట వేసిన బైబిలు గ్రంథములును ఎక్కడనో ఒకచోట రంగునీటి పీపానుండి వెలికి వచ్చినవే. మరియు దక్షిణదేశమున తోళ్ల పనికి పేరుపొందిన సీమ మనకు దూరమైనది కాదు. పాలారు నది కర్ణాటకమునందలి నంది కొండల ప్రాంతమున పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతముమీదుగా తెలుగు నేలను దాటి, తమిళనాడులో ప్రవేశించి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేట పట్టణముల ప్రక్కగా పోయి సముద్రమున కలియును. దాని నిడివి సుమారు 348 కిలోమీటరులు. అందు తెలుగు నేలపై పారునది 33 కిలోమీటరులు మాత్రమే. దిగువనున్న కార్ఖానాల మురికి మన వైపునకు ఎదురెక్కి రాదు, నిజమే. అయినను ఆ దిగువ ఊళ్లలో తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము గలవు. వేలూరు మిషను ఆసుపత్రికి మన జిల్లాలనుండి పోయి వచ్చు రోగులును వారి బంధువులును ఎందరో గలరు. కావున ఆ నీటి కథ పరాయి కథ కానేరదు.

తోలు ఏ విధముగా తయారగునో ముందు తెలిసికొనవలెను. పచ్చి చర్మము కుళ్లకుండుటకై దాని బరువులో ఇంచుమించు సగము ఉప్పు చల్లుదురు. కార్ఖానాకు వచ్చిన పిదప ఆ ఉప్పును కడిగివేసి, సున్నపు నీటిలోను సోడియం సల్ఫైడులోను నానవేసి వెండ్రుకలు తీయుదురు. తరువాత క్రోమియపు లవణముతో పదును చేయగా అది లేత నీలివర్ణము గల తోలగును. ఆ మీదట దానిని పెద్ద పీపాలలో వేసి, వేడినీటిలో రంగుతో కలిపి గిరగిర త్రిప్పి, కొవ్వు పట్టించి, ఆరవేసి, మెరుగు పెట్టుదురు. ఒక కిలో పచ్చి చర్మమునకు ఈ పనులన్నిటికిని 30 నుండి 40 లీటరుల నీరు కావలెనని లెక్క. ఒక టన్ను పచ్చి చర్మమునుండి చేతికి వచ్చు తోలు రమారమి 200 నుండి 250 కిలోలు మాత్రమే. మిగిలిన పదార్థమంతయు, వేసిన మందులలో చాల భాగమును, నీటిలోనికో చెత్తలోనికో పోవలసినదే.

ఇక రంగుల సంగతి. పూర్వకాలమున రంగులు చెట్ల బెరడులనుండియు, వేళ్లనుండియు, పురుగులనుండియు లభించుచుండెను. 1856వ సంవత్సరమున లండనులో విలియం పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి, చలిజ్వరమునకు మందగు క్వినైనును చేయబోయి, అనుకోకుండ ఊదారంగును కనిపెట్టెను. రెండు సంవత్సరములకు, 1858లో, పీటర్ గ్రీస్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మరియొక మార్గమును కనుగొనెను. రెండు నత్రజని పరమాణువులను ఒండొంటితో జతపరచి, వాని ఇరుప్రక్కల కర్బన చక్రములను తగిలించుటకు దారి తీసినది ఈ మార్గమే. ఈ జతకు అజో బంధమని పేరు. ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు మొదలగు వన్నెలు గల వేలకొలది రంగులు దీనినుండి పుట్టినవి. నేడు తోళ్లకు వేయు రంగులలో అధిక భాగము ఈ జాతిలోనివే. ఎండకు వెలియకుండుట, చెమటకు కరగకుండుట, సబ్బునకు లొంగకుండుట వీని సుగుణములు. బూటుమీద ఉన్నంతవరకు సుగుణమైన ఈ మొండితనమే నీటిలో పడినప్పుడు దోషమగుచున్నది. సూర్యరశ్మికిని సూక్ష్మజీవులకును లొంగకుండునట్లు చేసిన వస్తువును నది తనంతట తాను జీర్ణించుకొనలేదు గదా!

నీటిలో కలిసిన రంగు వెలుతురును అడ్డగించును. వెలుతురు లేనిదే నీటిమొక్కలు ప్రాణవాయువును విడువజాలవు. ప్రాణవాయువు తరిగినచో చేపలు బ్రదుకజాలవు. ఇది కనబడు కీడు. కనబడని కీడు మరియొకటి కలదు. అజో బంధము తెగినప్పుడు ఆరోమాటిక్ అమీనులను పదార్థములు ఏర్పడును. వానిలో కొన్ని పుట్టకురుపు వ్యాధిని, అనగా క్యాన్సరును, కలిగించునని రుజువైనది. ఈ హేతువుచేతనే 1994లో జర్మనీ దేశము అట్టి అమీనులను విడువగల రంగులను వస్త్రములయందును తోళ్లయందును వాడరాదని శాసించెను. మన ప్రభుత్వము 1997లో 70 అజో రంగుల వాడుకను నిషేధించెను. 2002లో ఐరోపా సమాజము 22 అమీనులను పేర్కొని, కిలో సరకులో 30 మిల్లీగ్రాములకు మించి అవి బయలుపడరాదని కట్టడి చేసెను. ఈ శాసనములు మేలైనవే. అయితే ఐరోపావారి కట్టడి కొనువాని చర్మమును కాపాడుటకై సరకునకు పెట్టిన హద్దు. పీపానుండి కాలువలోనికి పోవు నీటికి పెట్టిన హద్దు కాదు. తోలు పరీక్షలో నెగ్గవచ్చును. అదే దినమున ఆ తోలును కడిగిన నీరు ఒక రైతు బావిని చెరుపవచ్చును.

అట్లు చెరిపినదనుటకు న్యాయస్థానపు సాక్ష్యమే కలదు. పాలారు లోయలోని పౌరుల సంఘమొకటి 1991లో సుప్రీము కోర్టునకు మొర పెట్టుకొనెను. 1996వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన న్యాయమూర్తి కుల్దీప్ సింగు ప్రభృతులు తీర్పు చెప్పిరి. తమిళనాటి తోళ్ల కార్ఖానాలు 900కు పైబడి యుండెననియు, వాని మురికిచేత సుమారు 35,000 హెక్టారుల సాగుభూమి కొంతగనో పూర్తిగనో పనికిరాకుండ పోయెననియు ఆ తీర్పులో నమోదైనది. దిండిగల్లు ప్రాంతమున 13 గ్రామములలో పరీక్షింపబడిన 467 బావులలో 350 బావుల నీరు చెడిపోయెనని కూడ అందు కలదు. ఒక్కొక్క కార్ఖానాకు 10,000 రూపాయల జరిమానా విధించిరి. అంతకంటె ముఖ్యముగా రెండు ధర్మసూత్రములను మన దేశ న్యాయములో చేర్చిరి. కీడు జరుగునేమో యను శంక బలముగా నున్నప్పుడు, పూర్తి రుజువు కొరకు వేచియుండక ముందే జాగ్రత్తపడవలెననునది మొదటిది. చెరిపినవాడే నష్టమును చెల్లించి, చెడిన దానిని బాగుచేయవలెననునది రెండవది.

ఆ తీర్పునకు ముందును వెనుకను ఆ ప్రాంతమున ఉమ్మడి శుద్ధి కేంద్రములు వెలసినవి. చిన్న కార్ఖానాలన్నియు తమ మురుగును గొట్టముల ద్వారా ఒకచోటికి పంపగా అచట దానిని బాగుచేయుదురు. రంగును తీయుటకు శాస్త్రజ్ఞులు తెలిపిన ఉపాయములు పెక్కు. పటిక, సున్నము, అన్నభేది వంటి వానిని కలిపిన రంగు ముద్దకట్టి అడుగునకు దిగును. టెంకాయచిప్పలు మొదలగు వానినుండి చేసిన ఉత్తేజిత బొగ్గుమీదుగా పోనిచ్చిన రంగు బొగ్గునకు అంటుకొనును. 1894లో ఫెంటన్ అను ఆంగ్లేయుడు వివరించిన రీతిని అన్నభేదిని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపినచో రంగు అణువులు తునాతునియలగును. ఓజోను వాయువును పంపినను అట్లే జరుగును. సూక్ష్మజీవుల చేతను, కొయ్యను తిను కొన్ని బూజుల చేతను రంగును విరుగగొట్టవచ్చును. తుదకు మిక్కిలి సన్నని పొరలగుండ నీటిని బలవంతముగా నెట్టి, రంగును ఉప్పును ఒకవైపునను తేటనీటిని మరియొకవైపునను వేరుపరచవచ్చును. ఈ మార్గములన్నియు ప్రశంసనీయములే. మేము వీనిని తక్కువ చేయము.

ఈ సంవత్సరము మా తొమ్మిదవ తరగతి పిల్లలకు ఇందులో ఒకదానిని ప్రయోగరూపమున చూపించితిమి. గాజుపాత్రలోని నీటిలో చారెడు ఉప్పును, కొన్ని చుక్కల నీలి సిరాను కలిపితిమి. మందుల అంగడిలో దొరకు ఉత్తేజిత బొగ్గుపొడిని అందులో వేసి, చాలసేపు త్రిప్పి, వడపోత కాగితముగుండ వడగట్టితిమి. నీలిరంగు దాదాపుగ పోయినది. పిల్లలు చప్పట్లు చరచిరి. పిమ్మట ఆ తేటనీటిని పింగాణి గిన్నెలో పోసి కాచగా, గిన్నె అడుగున తెల్లని ఉప్పుపొర నిలిచినది. అప్పుడు వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, “అయ్యా, రంగంతయు పీల్చుకొన్న ఈ బొగ్గును ఇప్పుడెక్కడ పారవేయవలెను?” అని అడిగినది. ఆ ప్రశ్న మా తరగతి గది గోడలను దాటినది. పాలారు తీరపు ఇంజనీరులను, అధికారులను, న్యాయమూర్తులను నేటికిని బాధించుచున్న ప్రశ్న అదియే.

ఏలయనగా పదార్థము నశింపదు. తావు మాత్రము మార్చును. పటికతో దిగిన రంగు బురదగా నిలుచును. బొగ్గునకు అంటిన రంగు బొగ్గులోనే యుండును. ఆ బొగ్గును కొలిమిలో కాల్చి మరల వాడవలెను, లేదా దానిని భద్రముగా పాతిపెట్టవలెను. పొరలగుండ నెట్టగా మిగిలిన చిక్కని మురుగును మరిగించి ఆవిరి చేయుదురు. అందులకు ఇంధనము మిక్కుటముగా కావలెను. తుదకు మిగులునది మురికితో కలసిన ఉప్పుకుప్ప. అది వంటకు గాని, పంటకు గాని, మరల చర్మములకు గాని సులభముగా పనికిరాదు. వానకు తడియకుండ దానిని గిడ్డంగులలో కాచుకొని యుండవలసినదే. ఫెంటన్ మార్గమున రంగు అణువు నిజముగా విరుగుననుట సత్యమే గాని, దానివలనను ఇనుపబురద మిగులుచునే యున్నది.

ఈ మిగులును నిర్లక్ష్యము చేసినచో ఏమగునో రాణిపేట చూచినది. 2015వ సంవత్సరము జనవరి 31వ తేదీ తెల్లవారకమునుపు, అచటి పారిశ్రామికవాడలోని శుద్ధి కేంద్రమున బురద నిలువజేసిన తొట్టి గోడ కూలెను. ఆ బురద వెల్లువయై ప్రక్కనున్న తోళ్ల కార్ఖానాలోనికి దూకి, నిద్రించుచున్న కూలీలలో 10 మందిని పొట్టన పెట్టుకొనెను. వారిలో పలువురు బంగాళము వంటి దూరదేశమునుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు. నదిని కాపాడుటకై నీటినుండి తీసిన విషమే ఆ పేదల ప్రాణములను తీసినది. శుద్ధి యను మాటను ఉచ్చరించునప్పుడెల్ల మనము ఈ పదిమందిని తలంచుకొనవలెనని మా అభిప్రాయము. నది శుభ్రమైనదా యని మాత్రమే అడిగిన చాలదు. నదినుండి తీసిన దానిని ఎవరి ఇంటిప్రక్కన పెట్టిరని కూడ అడుగవలెను.

సూక్ష్మజీవుల మార్గమునందు మరియొక మోసము కలదు. గాలి సోకని తొట్లలోని సూక్ష్మజీవులు అజో బంధమును చక్కగ తెంచును, రంగు మాయమగును, చూచువాడు సంతసించును. కాని బంధము తెగినప్పుడు పుట్టునవి మేము పైని చెప్పిన అమీనులే గదా! అవి చాలవరకు వర్ణము లేనివి. అనగా నీరు తెల్లబడిన క్షణమున అపాయము తగ్గక, ఒక్కొక్కప్పుడు హెచ్చవచ్చునన్న మాట. ఆ పిమ్మట గాలి బాగుగ సోకు తొట్లలో వేరు జాతి సూక్ష్మజీవులచేత ఆ అమీనులను కూడ తినిపించిననే పని ముగియును. మొదటి తొట్టితో ఆగి, తేటనీటిని సీసాలో పట్టి అధికారికి చూపినచో అది కన్నులకు గంతలు కట్టుటయే. కావుననే రంగును మాత్రము కొలిచి శుద్ధిని నిర్ణయింపరాదు. కరిగిన లవణములను, క్రోమియమును, ప్రాణవాయువు అవసరమును, అమీనులను కూడ కొలువవలెను.

అయినచో చేయవలసినదేమి? రంగును నీటినుండి తీయుటకంటె ముందు, రంగు నీటిలో మిగులకుండ చేయుటయే ప్రధానమని మేము చెప్పుదుము. ఈ పని శుద్ధి కేంద్రమున కాదు, రంగు వేయు పీపాయొద్దనే జరుగవలెను. అందలి మర్మము విద్యార్థులకు కష్టముగా తోచదు. తోళ్లకు వాడు రంగులలో పెక్కింటికి ఋణవిద్యుదావేశము కలదు. చీమలయందుండు ఫార్మిక్ ఆమ్లమును మెల్లమెల్లగ చేర్చినప్పుడు తోలు పోగులకు ధనావేశము హెచ్చును. అప్పుడు రంగు నీటిని విడిచి పోగులను గట్టిగ పట్టుకొనును. ఆమ్లమును తొందరపడి ఒక్కసారి పోసినను, చాలినంతసేపు త్రిప్పకున్నను, నీరు అనవసరముగా ఎక్కువ పోసినను, రంగు పైపైన మాత్రమే అంటి, మిగిలినది కాలువ పాలగును. కావున తక్కువ నీరు, తగిన వేడి, తగిన కాలము, క్రమమైన ఆమ్లము, తోలునకు బాగుగ అంటుకొను రంగుల ఎంపిక, ఈ అయిదును పాటించిన పీపానుండి వచ్చు నీరు చాల పలుచని వన్నెతో వెలువడును. పారబోసిన రంగు డబ్బు పెట్టి కొన్నదే గనుక ఈ జాగ్రత్త యజమానికిని లాభకరమే. మరియు రంగునీటిని సున్నపునీటితోను ఉప్పునీటితోను కలిపివేయక, వేర్వేరు కాలువలలో పోనిచ్చినచో దేనికి తగిన వైద్యము దానికి చేయవచ్చును. అన్నిటిని ఒక కుండలో కలిపి, పిమ్మట విడదీయబూనుట బియ్యములో ఇసుక పోసి ఏరుకొనుటవంటిది.

ఇన్ని చిక్కులేల, తోళ్ల కార్ఖానాలను మూసివేసిన పోదా యని కొందరందురు. మేము దీనికి సమ్మతింపము. మన పల్లెలలో ఊరిబయట లంద పెట్టుకొని, తంగేడు చెక్కతోను కరక్కాయతోను తోళ్లు పదును చేసి, రైతునకు చెప్పులును మోటబొక్కెనలును సమకూర్చిన మాదిగ కులస్థులను లోకము ఎట్లు చూచెనో మన పెద్దలకు తెలియును. వారు చేసిన చెప్పులు కావలసెను గాని, వారి నీడ పనికిరాకపోయెను. దుర్గంధము గల పని వారిది. ఆ పనివలని సుఖము ఇతరులది. అపొస్తలుడైన పేతురు యొప్పే పట్టణమున సముద్రతీరమందలి చర్మకారుడైన సీమోను ఇంట బహుదినములు బస చేసెనని మన పిల్లలు ఆదివారపు బడిలో చదివియున్నారు. యూదులలో సహితము అట్టి వృత్తి హీనముగా ఎంచబడుచుండెనని తెలిసిన వారికి, ఆ బస ఎంత అర్థవంతమైనదో బోధపడును. ఇప్పుడు నది పేరు చెప్పి ఆ శ్రామికులనే మొదట వీధిపాలు చేయుట న్యాయము కాదు. పనిని తుడిచివేయక, పనిలోని విషమును తుడిచివేయుటయే మార్గము.

ఈ మార్గమునకు పాటుపడిన తెలుగువాడొకడు కలడు. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు చర్మశాస్త్రమును చదివి, మద్రాసున 1948లో ఏర్పడిన కేంద్ర చర్మ పరిశోధనాలయమునకు 1958 నుండి 1971 వరకు అధ్యక్షులుగా నుండిరి. పిమ్మట దేశ విజ్ఞాన పరిశోధన మండలికి ప్రధానాధికారియైరి. 1985వ సంవత్సరము జూను 23వ తేదీన కనిష్క విమానము అట్లాంటిక్ సముద్రముపై పేల్చివేయబడినప్పుడు వారును మృతినొందిరి. రైతు కుటుంబమున పుట్టి, లోకము ముక్కు మూసికొను వృత్తిని తన విద్యకు విషయముగా గ్రహించిన వారి నడవడి మన విద్యార్థులకు ఆదర్శము. పరిశోధనాలయమున పుట్టిన జ్ఞానము చిన్న తోళ్ల పనివాని గుడిసెవరకు పోవలెననునది వారి పట్టుదల. నేడు పీపాయొద్ద రంగును ఆపు విద్యకును కావలసినది ఆ పట్టుదలయే.

పూర్వపు తంగేడు చెక్కకే మరలిపోవుట మంచిదని మరికొందరందురు. చెట్లనుండి వచ్చినదంతయు నిర్దోషమనుకొనుట సులభము. కాని ఆ కషాయపు నీరును ముదురు గోధుమరంగు గలదే. అందలి పదార్థములు సూక్ష్మజీవులకు త్వరగా లొంగవు. ఒక దినములో ముగియు క్రోమియపు పని అచట వారముల తరబడి పట్టును. పల్లెకొక లంద యున్నప్పుడు భూమి సహించినది, పట్టణమునకు వంద కార్ఖానాలున్నప్పుడు సహింపజాలదు. కీడు ఒక్క వస్తువులోనే లేదు. ఎంత పరిమాణమున, ఎంత చిన్న చోట, ఎంత అజాగ్రత్తగా పారబోయుచున్నామనుటలోను కలదు.

ఇక మిగిలినది ఖర్చు. చిన్న యజమాని యొకడు, “శుద్ధి చేసిన నా తోలు ధర పెరుగును, చేయని పొరుగువాని తోలునే వర్తకుడు కొనును, నేనేమి కావలెను?” అని అడిగినచో అతని ప్రశ్న తోసివేయదగినది కాదు. నీటిని చెరుపకుండుటకగు వ్యయము తోలు ధరలో కనబడనంతకాలము, ఆ వ్యయమును బావి చెడిన రైతే తన పంటతోను, తన బిడ్డల ఆరోగ్యముతోను చెల్లించుచుండును. చవుకగా దొరకిన బూటు నిజమునకు చవుకైనది కాదు. దాని ధరలో కొంత భాగమును మనకు తెలియని ఇతరుడు చెల్లించియున్నాడు. 1996 నాటి తీర్పు వెలువడి యిన్నేండ్లయినను పాలారు లోయ కష్టము తీరలేదు గనుకనే, 2025వ సంవత్సరము జనవరి 30వ తేదీన సుప్రీము కోర్టు మరల ఆ కార్ఖానాల వ్యవహారమున తీర్పు చెప్పి, నష్టపడిన కుటుంబములకు పరిహారము ప్రభుత్వము చెల్లించి, ఆ సొమ్మును చెరిపినవారియొద్ద రాబట్టవలెనని ఆజ్ఞాపించెను. న్యాయస్థానము చెప్పవలసినది రెండు మారులు చెప్పినది. చెరిపినవాడనగా యజమాని మాత్రమేనా, తక్కువ ధరకై బేరమాడు విదేశపు వర్తకుడును, వానికంటె తక్కువకై బేరమాడు మనమును కామా యని ఆలోచింపవలసిన బాధ్యత మనది.

మన చేతిలోని పనులు కొన్ని మనవి చేసెదము. తలిదండ్రులారా, ఏటేట క్రొత్త బూట్లు కొనుటకంటె, అట్ట మార్చి కుట్టించుటకు వీలైన గట్టి బూట్లను కొని, అన్న విడిచినవి తమ్మునికి తొడిగింపుడు. వాడకుండ పారవేయని ప్రతి జతయు కొంత నీటిని కాపాడును. పాఠశాలల అధికారులారా, వందల జతలు ఒక్కసారి కొనునప్పుడు, ఈ తోలు ఎచట పదునైనది, దాని మురుగు ఎచటికి పోవుచున్నదని వర్తకుని వ్రాతపూర్వకముగ అడుగుడు. ఒక పాఠశాల అడిగిన అతడు నవ్వవచ్చును, నూరు పాఠశాలలు అడిగిన జవాబు వెదకును. విద్యార్థులారా, రసాయన శాస్త్రమును పరీక్ష కొరకు మాత్రము చదువకుడు. ఒక బావినీటిలో ఎంత లవణము కరిగియున్నదో కొలుచుట నేర్చుకొని, మీ ఊరి బావి నీటిని ఏటికి రెండు మారులు కొలిచి వ్రాసి యుంచుడు. అట్టి లెక్కలు లేకపోవుటచేతనే ఎన్నియో గ్రామముల మొరలు రుజువు లేక వీగిపోయినవి. మీలో ఎవరైన రంగుల శాస్త్రమును అభ్యసింతురేని, ఎండకు నిలిచి నీటిలో కరగి జీర్ణమగు రంగును కనుగొనుటకు మీ జీవితమును వెచ్చింపవచ్చును. అది తక్కువ పని కాదు.

నీరు శుద్ధమైనదని ఎవరు ధ్రువపరుపవలెను? రంగును చూచు కన్ను చాలదు, సీసాను పరీక్షించు అధికారి ఒక్కడును చాలడు. దిగువ ఊరిలో ఆ నీటితో నారుమడి తడుపు రైతును, బురద తొట్టిప్రక్కన పరుండు కూలియు, ఆ బావినీరు తోడు తల్లియు భయము లేకుండ సమ్మతించినప్పుడు మాత్రమే ఆ పని నెరవేరినట్లు. అంతవరకు తోళ్ల కార్ఖానాలవారిని, ప్రభుత్వమువారిని, కొనువారమైన మనలను మనమును విడువక ప్రశ్నించుచుండుటయే చదువుకొన్నవారి విధియని మా దృఢాభిప్రాయము.